కంప్యూటరు గొర్రెలు

ప్రొద్దుటూరులో నేను పనిచేసే ఆఫీసు ఒక నగల దుకాణం పై అంతస్తులో ఉంది. కింద బంగారం తూస్తారు, పైన మేం మట్టి తూస్తాం. కింద తూకంలో తేడా వస్తే అప్పటికప్పుడే గొడవ. పైన తేడా వస్తే వాన పడేదాకా ఎవరికీ తెలియదు.

ఆఫీసులో ఉన్నవి ఇవి: మట్టి ముద్దను కోసి దాని బలం చూసే పాత యంత్రం, తేమ ఆరబెట్టే ఓవెన్, నా కంప్యూటరు, సార్ కుర్చీ. సార్ ప్రభుత్వంలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. గట్లు, గుట్టలు, తవ్విన గనుల అంచులు నిలబడతాయా జారతాయా అని లెక్కకట్టి రిపోర్టు ఇవ్వడం మా పని. లెక్క నాది, సంతకం ఆయనది. చేరిన కొత్తలోనే నా స్థానం ఏమిటో ఆయన చెప్పాడు. "నువ్వు ఎంటెక్ చదివిన టైపిస్టువి అబ్బీ. ఆ సంగతి మర్చిపోకుంటే మనిద్దరం బాగుంటాం." చెప్పి నవ్వాడు. నన్ను కూడా నవ్వమన్నట్టు చూశాడు.

లెక్క ఏమిటో కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. గుట్ట జారేటప్పుడు పైపొర ఒక్కటే రాదు. కుండలో గడ్డపెరుగును గరిటెతో తీస్తే గుండ్రంగా గుంట పడుతుంది కదా, అలా లోపల ఒక వంపు తిరిగిన తలం వెంబడి మొత్తం ముద్దగా జారుతుంది. ఆ తలం మీద రెండు బలాలుంటాయి. కిందికి లాగేది ఒకటి, పట్టి ఉంచేది ఒకటి. పట్టి ఉంచేదాన్ని లాగేదాంతో భాగిస్తే వచ్చే అంకెను భద్రతా గుణకం అంటాం. ఒకటి వచ్చిందంటే గుట్ట జారడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఒకటిన్నర వస్తే దాని కింద మనుషులు పడుకోవచ్చు. చిక్కేమిటంటే ఒకే గుట్టలో అలాంటి తలాలను లెక్కలేనన్ని ఊహించవచ్చు. వాటిలో అతి తక్కువ అంకె ఇచ్చేది ఏదో వెతికి పట్టుకోవాలి. గుట్ట ఎక్కడ గట్టిగా ఉందో ఎవరికీ అక్కర్లేదు. ఎక్కడ చేతగాకుండా ఉందో అదే కావాలి. మనుషుల విషయంలో ఈ పని ఊళ్ళో అందరికీ వచ్చు. గుట్టల విషయంలో ప్రోగ్రాం రాయాలి.

నేను రాసింది మంద పద్ధతి. ప్రోగ్రాం తెర మీద కొన్ని చుక్కలు చల్లుతుంది. ఒక్కో చుక్క ఒక్కో తలాన్ని ఊహిస్తుంది. ప్రతి చుక్కకూ రెండు సంగతులు గుర్తుంటాయి: తాను ఇంతవరకు చూసినవాటిలో అతి బలహీనమైన చోటు, మంద మొత్తంలో ఎవరో ఒకరు కనిపెట్టిన అతి బలహీనమైన చోటు. ఆ రెండింటి వైపు, కొంచెం తన ఇష్టం కూడా కలుపుకొని, ఒక అడుగు వేస్తుంది. మళ్ళీ లెక్క, మళ్ళీ అడుగు. చివరికి మంద అంతా ఒకచోట గుమిగూడుతుంది. అదే జవాబు.

జమ్మలమడుగు అవతల నాపరాయి గనులున్నాయి. బండలు కోసి తీసుకోగా మిగిలిన ముక్కలు, గని మీది నుంచి తీసిన మట్టి అంతా గని పక్కనే పోస్తారు. ఏళ్ళ తరబడి పోస్తే అది గుట్ట అవుతుంది. అక్కడివాళ్ళు దాన్ని వేస్టు గుట్ట అంటారు. అలాంటి ఒక గుట్ట కింద ఒక ఇల్లు, దాని పక్కన గొర్రెల దొడ్డి ఉన్నాయి. ఇల్లు ముందు, గుట్ట తర్వాత. పోయిన వానల్లో గుట్ట నెత్తిన నెర్రె పడింది. అంచు నుంచి బండలు జారి దొడ్డిలో పడ్డాయి. గొర్రెపిల్లలు కొన్ని చచ్చాయి. ఆ ఇంటామె కడపకు పోయి, ఆఫీసు బయట కూర్చుని అర్జీలు రాసేవాడి చేత రాయించి, కాగితం ఇచ్చి వచ్చింది. దాని నకలు మా దగ్గరికి వచ్చింది. "సదరు గుట్ట వల్ల మా ఇల్లు నివాసమునకు ప్రమాదకరముగా ఉన్నది, కావున గుట్టను వెనుకకు తొలగించి మమ్ములను కాపాడవలెను" అని అందులో ఉంది. ఆమెకు కావలసింది ఆ రెండో ముక్క. ఇల్లు, దొడ్డి ఉన్నచోటే ఉండాలి, గుట్ట వెనక్కి పోవాలి.

పైవాళ్ళు గని యజమానిని రిపోర్టు తెమ్మన్నారు. ఆయన మా మెట్లెక్కి వచ్చాడు. కూర్చున్నాక మొదట మాట్లాడింది గొర్రెపిల్లల గురించి.

"నాలుగు పిల్లలు సచ్చినాయని కలెక్టరు కాడికి పోయిందంటప్పా. నా గుట్ట కింద సావకపోతే బక్రీదుకు సచ్చేటివి. ఏం, నూరేండ్లు బతికేటివా అవి?"

సార్ నవ్వాడు. వచ్చినవాడి జోకుకు నవ్వడం మా సేవల్లో ఒకటి.

"రిపోర్టు ఎట్ల కావాలప్పా?" అన్నాడు సార్.

"ఎట్ల కావాలంటే ఏంది సారూ? బాగుండాదని కావాల. నా హద్దురాళ్ళు యాడుండాయో మీ పిల్లోనికి సూపిస్తా. మీ లెక్క ఆ హద్దులోనే తిరగాల. హద్దు అవతల ఏముండాదో నాకు సంబంధం లే, మీకూ లే."

సార్ నా వైపు తిరిగాడు. "విన్నావు కదా అబ్బీ. వెతకడం హద్దులోపల."

విన్నాను. నా ప్రోగ్రాంలో నిజంగానే ఆ వీలుంది. తలం గుట్ట మీద ఎక్కడ మొదలవ్వాలి, కింద ఎక్కడ బయటపడాలి అని ముందే హద్దులు ఇస్తాం. మంద ఆ హద్దు దాటి వెళ్ళదు. ఎక్కడ పడితే అక్కడ వెతికితే టైము వృథా అని పెట్టుకున్న ఏర్పాటు అది. దాన్ని ఇలా కూడా వాడవచ్చని మాకు కాలేజీలో చెప్పలేదు.

కొలతలకు పోయిన రోజు ఆమెను మొదటిసారి చూశాను. కొలతల యంత్రం టోటల్ స్టేషన్‌ను స్టాండు మీద బిగిస్తుంటే వక్కాకు నములుతూ వచ్చి నిలబడింది. నలభై దాటిన మనిషి. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"గుట్ట నిలబడతాదో లేదో సూడమని నిన్ను తోలినారా? ముందు నువ్వు నిలబడప్పా. గాలికి కొట్టుకపోతావు."

"కొలతలు తీసుకుంటున్నానక్కా."

"కొలిచి ఏం జేస్తావు? గుట్టకు సొక్కా కుట్టిస్తావా?"

పనిలో ఉన్న కూలీలు పకపకా నవ్వారు. ఆమె నవ్వలేదు. నన్ను దొడ్డిలోకి తీసుకుపోయి పడిన బండలు చూపించింది. ఒక బండ మీద ఎండిన నెత్తురు ఇంకా ఉంది. పైనుంచి ఒక టిప్పరు వేస్టు దించింది. రాళ్ళు దొర్లుకుంటూ వచ్చి, దొడ్డి కంచెకు కొంచెం దూరంలో ఆగాయి. పైన డ్రైవరు కావాలనే హారన్ కొట్టాడు.

"దినామ్మూ ఇట్లనే కొడతాడు. నేను ఉరుకుతానేమో సూద్దామని," అంది ఆమె. "ఈ ఇల్లుగూడా ఆ గని బండల్తోనే కట్టినాము. అప్పుడు గోడకు వచ్చినాయి. ఇప్పుడు తల మీదికి వస్తాండాయి."

ఇంటాయన లేడా అని అడిగాను. మంద వెంట పోయాడంది. "ఉన్నా లేనట్టే. ఆయప్ప మాట్లాడేది గొర్లతోనే. నాతో మాట్లాడాలంటే నేను బే అనాల."

గుట్ట పాదం దగ్గర బోరు వేయించి మట్టి తీశాం. పైన కొంచెం గరుసు, దాని కింద మందంగా నల్లరేగడి. ఎండలో ఇది రాయిలా ఉంటుంది. వానలో నానితే వెన్న. గుట్ట బరువంతా దాని మీదే కూర్చుని ఉంది. అది చూడగానే నాకు ఒక అనుమానం వచ్చింది. ఇలాంటి చోట తలం గుట్ట పాదం దగ్గర ఆగదు. నల్లరేగడిలోకి దిగి, కింద కొంత దూరం పోయి, అవతల ఎక్కడో పైకి లేస్తుంది. ఆ అవతల అంటే హద్దురాళ్ళ అవతల. అంటే ఆమె దొడ్డి.

మధ్యాహ్నం ఆమె మజ్జిగ ఇచ్చింది. లాప్‌టాప్‌లో కొలతలు ఎక్కిస్తుంటే పక్కన కూర్చుని తెర మీద చుక్కలేందని అడిగింది. పాత గుట్ట ఒకదాని లెక్క నడిపి చూపించాను. ఇవి గొర్రెల్లాంటివక్కా అన్నాను. ఒక్కోటి ఒక్కో దిక్కు పోతుంది, దేనికి మంచి మేత దొరికితే మిగతావి అటు మళ్ళుతాయి, ఆఖరికి అన్నీ ఒకచోట చేరతాయి అని చెప్పాను.

ఆమె చాలాసేపు చూసింది. "కంప్యూటర్లో గొర్లు కాస్తాండావా నువ్వు?"

"అట్లాంటిదే."

"వానకు తడవవు, తోడేలు పట్టదు, మేత అక్కర్లే. శానా తెలివైనోడివప్పా. పాలిస్తాయా మరి?" తర్వాత కొంచెం నిదానించి అడిగింది. "ఇప్పుడు మా గుట్టలో ఇడిస్తావా వీటిని? ఆఖరికి యాడ మంద కడతాయి?"

"గుట్ట యాడ బలహీనంగా ఉంటే ఆడ."

"అయితే నా దొడ్డి కాడికే వస్తాయి. రాసుకో," అంది. అదేమీ శాస్త్రం కాదు. ఆమె గొర్రెపిల్లలు అక్కడ చచ్చాయి కాబట్టి అంది.

ఆఫీసుకు వచ్చి హద్దులోపల లెక్క నడిపాను. జవాబు ఒకటిన్నర పైన వచ్చింది. యజమానికి కావలసిన జవాబు అదే. కానీ మంద నిలబడిన చోటు చూశాను. చుక్కలన్నీ హద్దు గీతకు ఒత్తుకుని ఉన్నాయి. గేటు మూసిన దొడ్డిలో గొర్రెలు గేటు దగ్గర గుమిగూడినట్టు. జవాబు హద్దు మీదికి వచ్చి ఆగిందంటే అసలు జవాబు హద్దు అవతల ఉందని అర్థం. ఇది ఈ విద్యలో ఓనమాలు. గీతను చెరిపి, ఇల్లు దాటి కొంత దూరం దాకా వదిలి, మళ్ళీ నడిపాను. మంద ఒక్కసారిగా దొడ్డి వైపు దూకింది. నల్లరేగడిలో దిగి, దొడ్డి మధ్యలో పైకి లేచే తలం దొరికింది. అంకె ఒకటికి కొంచెం పైన. మరొక గట్టి వాన చాలు.

రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి సార్‌కు చూపించాను. హద్దు వేసి ఇచ్చే రిపోర్టు తప్పుడు రిపోర్టని చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని రెండో జవాబును బాగా దగ్గరగా చూశాడు. ముఖంలో కోపం లేదు. ఇంకా చెప్పాలంటే సంతోషం ఉంది.

"దొడ్డి ఉన్న జాగా పోరంబోకే కదా?"

"దొడ్డి పోరంబోకు. ఇల్లు గ్రామకంఠం, ఊరి ఇళ్ళకు విడిచిన జాగా."

"ఇల్లు ప్రమాదంలో ఉందని ఆమే రాసిచ్చింది కదా?"

"గుట్టను వెనక్కి తీయమని రాసిచ్చింది సార్."

"అది ఆమె కోరిక. ముందు రాసింది నిజం." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నువ్వు శానా మంచి పని చేసినావు అబ్బీ. ఒకటిన్నర ఎప్పుడు కావాలి? కింద మనుషులు ఉంటే. లేకపోతే అంత అక్కర్లేదు, ఒకటి పాయింటు ముప్పై చాలు. ఇప్పుడు ఆలోచించు. గుట్టను జరపడం కష్టమా, మనుషుల్ని జరపడం కష్టమా?"

ఆయన నా జవాబు కోసం ఆగలేదు. యజమానికి ఫోను చేసి స్పీకరు పెట్టాడు. అవతలి నవ్వు మా ఓవెన్ చప్పుడు కన్నా గట్టిగా వినిపించింది.

"అంటే ఆమె నా మీద ఇచ్చిన కాగితం నాకే పనికొచ్చిందా సారూ? దండం పెట్టాలప్పా ఆ తల్లికి. ఒక చీర గూడా పెడతా."

ఫోను పెట్టేశాక సార్ నాకు రెండో పని ఇచ్చాడు. ఇల్లు లేదనుకుని, గుట్ట పాదం దగ్గర అడ్డంగా రాళ్ళు పోసి గుణకాన్ని ఒకటి ముప్పైకి తేవాలి. దొర్లబోయే పీపాకు కింద రాయి పెట్టినట్టు, పాదం దగ్గరి బరువు జారడాన్ని ఆపుతుంది. ఎక్కడ, ఎంత వెడల్పున, ఎంత ఎత్తున పోస్తే అతి తక్కువ రాళ్ళతో పని అవుతుందో మంద చేతే వెతికించాలి.

"హద్దు ఎక్కడ పెట్టమంటారు సార్?"

"ఈసారి హద్దెందుకు? తీసెయ్."

నడిపాను. చుక్కలు కొంతసేపు గుట్ట పాదమంతా తిరిగాయి. తర్వాత ఒకచోట నిలబడ్డాయి. సర్వే పటాన్ని తెచ్చి దాని మీద పరిచాను. ఇంటి గడప, దొడ్డి, నీళ్ళ తొట్టి, మజ్జిగ తాగిన అరుగు, అన్నీ రాళ్ళు పోయమని అవి చూపిన చోటు లోపలే ఉన్నాయి. చుక్కలను మొదట చల్లే పద్ధతి మార్చి మళ్ళీ నడిపాను. ఇంకోసారి మార్చాను. తప్పు ఎక్కడైనా దొరుకుతుందేమోనని మట్టి విలువలు, నీటి మట్టం, గుట్ట వాలు అన్నీ తిరిగి చూసుకున్నాను. ఎక్కడా తప్పు లేదు. ప్రతిసారీ అదే చోటు. ఆ గుట్టను నిలబెట్టడానికి భూమ్మీద అన్నిటికన్నా మంచి చోటు ఆమె వాకిలి.

రిపోర్టులో ఇంకో పేజీ చేర్చాను. గుట్ట పైభాగాన్ని ఎంత వెనక్కి తీస్తే, ఇల్లు ఉండగానే ఒకటిన్నర వస్తుందో అందులో లెక్క వేసి చూపించాను. సార్ ఆ పేజీ చదివాడు. బాగుందన్నాడు. తీసి పక్కన పెట్టాడు.

"ఎవరు అడిగినారు దీన్ని?"

"ఆమె అడిగింది సార్. అర్జీలో."

"మన క్లయింటు ఆమేనా?" అన్నాడు. మళ్ళీ నవ్వాడు, మళ్ళీ నన్నూ నవ్వమన్నట్టు చూశాడు.

ఎండలు ముదిరాక, మా రిపోర్టు మీద కడప నుంచి ఉత్తర్వు వచ్చింది. రాళ్ళు ఎక్కడిదాకా పోయాలో గుర్తులు పెట్టడానికి నేను సున్నం సంచీతో పోయాను. వీఆర్వో ముందే వచ్చి ఉన్నాడు. యజమాని కారు దిగకుండా అద్దం దించుకుని కూర్చున్నాడు. ఆమె ప్రయాణం కడుతోంది. ఎండాకాలం వస్తే వాళ్ళు మందను తోలుకుని లింగాల వైపు పోతారు. చీనీ, అంటే బత్తాయి తోటల రైతులు పిలిచి తమ పొలాల్లో మంద కట్టించుకుంటారు, ఎరువు పడుతుందని. తొలివానలకు తిరిగి వస్తారు. ఏటా ఉన్నదే.

వీఆర్వో కాగితం చదివాడు. "మీ అర్జీ మేరకు విచారించగా, మీరు చెప్పినట్టే మీ ఇల్లు నివాసానికి ప్రమాదకరమని తేలింది. కావున మీ క్షేమం కోసం..."

"తేలిందా!" అంది ఆమె. చదవడం పూర్తికానివ్వలేదు. కారు వైపు తిరిగింది. "ఇన్నావా రెడ్డీ? తేలిందంట! అబద్ధం చెప్తాండా అన్నావే నన్ను. ఇప్పుడు ఏమంటావు?"

యజమాని రెండు చేతులూ జోడించి తల మీద పెట్టుకున్నాడు. "నువ్వే గెలిచినావు మ్మే. నీతో నేను పడలేను."

డ్రైవరు స్టీరింగు మీదికి వంగి నవ్వు దాచుకున్నాడు.

"ఇల్లు ఖాళీ చేయాలంట," అన్నాడు వీఆర్వో, "పని అయ్యేదాకా."

"చేస్తాంలే. ఎట్లా పోయేటోళ్ళమే కదా." అప్పుడు ఆమె కళ్ళు నా సున్నం గీత మీద పడ్డాయి. "ఏందప్పా, పండగ గూడా కాదు, నా వాకిట్లో ముగ్గేస్తాండావు?"

"రాళ్ళు ఇక్కడిదాకా పోస్తారక్కా."

"గోడనా? గుట్ట నా మీదికి రాకుండా గోడ కడతారా?"

నేను నోరు తెరిచేలోపు వీఆర్వో అన్నాడు, "ఆఁ, అట్లాంటిదే."

సున్నం సంచీ కింద పెట్టి, తొట్టి దగ్గర మూటలు కడుతున్న ఆమె దగ్గరికి పోయాను. మళ్ళీ అనుమానం మిగలకుండా మాటలు పేర్చుకుని చెప్పాను. గోడ కాదు. ఈ గీతకు లోపల ఉన్నదంతా పోతుంది. ఇల్లు పోతుంది, దొడ్డి పోతుంది. మీరు తిరిగి వచ్చేసరికి ఇక్కడ రాళ్ళే ఉంటాయి. గుట్టను తీయరు. ఇప్పుడే కడపకు పోయి ఇంకో అర్జీ పెట్టు. కావాలంటే లెక్క నేను రాసిస్తా.

ఆమె మూట ముడి బిగిస్తూ విన్నది. తర్వాత వీఆర్వోను కేకేసింది. "ఏం సారూ, ఈయప్ప నా ఇల్లు పోతాదంటాండాడే?"

"సదువుకున్న పిల్లోడు. భయపడతాడు, భయపెడతాడు," అన్నాడు వీఆర్వో. "నేను గవర్నమెంటు. నేను చెప్పేది ఇను."

ఆమె ఆయన్ను చూసింది, నన్ను చూసింది. ఆ వాకిట్లోకి ప్రభుత్వం నడిచి రావడం అదే మొదటిసారి. వచ్చి ఆమె చెప్పింది నిజమని గట్టిగా చదివింది. నేనా, యజమాని తెచ్చుకున్న ఆఫీసు మనిషిని.

"మీ రెడ్డి ఓడిపోయినాడని నీకు కడుపుమంట," అంది. "గుట్ట బాగుండాదని రాసియ్యాలని వచ్చినారు. రాయలేకపోయినారు. ఇప్పుడు నన్ను మళ్ళా కడప తిప్పాలని సూస్తాండారు."

"నా మంద నీ వాకిట్లోనే ఆగిందక్కా. నిజం."

"ఆగితే ఆగనీ. ఎరువు పడతాది." కూలీలు మళ్ళీ నవ్వారు. ఈసారి ఆమె కూడా నవ్వింది. ఆమె నవ్వగా చూసింది అప్పుడే.

పోతూ పోతూ తలుపు దగ్గరికేసి, ఒక ముళ్ళకంప లాక్కొచ్చి అడ్డంగా పెట్టింది. వాళ్ళు తాళం వేయరు. కుక్కలు, ఊరి మేకలు దూరకుండా కంప పెడతారు. కంప ఉందంటే ఇంటివాళ్ళు వస్తారని అర్థం. ఆ చుట్టుపక్కల అది తెలియనివాడు లేడు. ఇంటాయన అప్పటికే మందతో దారి ఎక్కాడు. ఆమె వెనక్కి చూడకుండా పోయింది. వెనక్కి చూడాల్సిన పని ఉందని ఆమె అనుకోలేదు.

ఆ వారంలోనే జేసీబీ వచ్చింది. నేను అక్కడ ఉండాలి, పోసిన రాళ్ళు లెక్క ప్రకారం కూరుకుంటున్నాయో లేదో చూడాలి. ఆపరేటరు వాకిలి దాకా వచ్చి బండి ఆపాడు. దిగి, కంపను రెండు వేళ్ళతో జాగ్రత్తగా పట్టుకుని దూరంగా లాగి పెట్టాడు. ఒక్క క్షణం అతని మీద నాకు గౌరవం కలిగింది.

"టైరు పంచరైతే యాడ వేయించేది ఈడ?" అని బండి ఎక్కాడు.

గోడలు లోపలికి పడ్డాయి. ఇంటి బండలు కూడా రాళ్ళే కాబట్టి వాటిని అడ్డకట్టలోకే తోశారు. అది కూడా మేలే అయింది, అంత మేరకు కొత్త రాళ్ళు తగ్గాయి. సార్‌కు ఆ సంగతి చెబితే, నువ్వు లెక్కలో కలపలేదా అని అడిగాడు. కలపలేదన్నాను. చూసినావా, అనుభవం అంటే ఇదీ, అన్నాడు.

వానలు వచ్చాయి. గట్టి వానలే. గుట్ట జారలేదు. అడ్డకట్ట పాదంలో నేను పాతించిన గుర్తురాళ్ళు కదల్లేదు. కింద నివాసాలు లేవు, గుణకం సరిపోయింది, గుట్ట భద్రంగా ఉంది అని రిపోర్టు పోయింది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. యజమాని స్వీటు డబ్బా పంపాడు.

ఆమె తిరిగి వచ్చిన రోజు నేను అక్కడ లేను. గని కూలీ ఒకడు చెప్పాడు. మంద ముందు వచ్చిందట. గొర్రెలు అలవాటు ప్రకారం దొడ్డి వైపు పోయి, రాళ్ళకట్ట దగ్గర ఆగి, ఎటు పోవాలో తెలియక దాని చుట్టూ తిరిగాయట. వెనక నుంచి ఆమె అరుపులు, ఏమైంది ముండల్లారా, ఇంటికి పోవడం మరిచినారా అని. వచ్చి చూసింది. అది చెప్తూ వాడు గొర్రెలు తిరిగినట్టు తిరిగి చూపించాడు. వాడి చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. వాడిది నిజంగా మంచి అనుకరణ.

ఆమెను నేను మళ్ళీ చూసింది పులివెందులలో. ఆ పక్కన ఒక కాలువ గట్టు పని వచ్చి వెళ్ళాను. బక్రీదుకు ముందు సంత. జనం, గొర్రెలు, దుమ్ము. ఆమె ఒక తాడు పట్టుకుని నిలబడి ఉంది. వాళ్ళకు ఊరి బయట కాలనీలో జాగా ఇచ్చారని, అక్కడ మనిషి కాళ్ళు చాపుకునేంత చోటు తప్ప దొడ్డికి వీలు లేదని అప్పటికే విన్నాను. బేరగాడు ఒక పొట్టేలు వీపు నొక్కి చూస్తున్నాడు.

"ఎముకలే ఉండాయి మ్మే. మేపినావా, పస్తులు పెట్టినావా?"

"నీ పెండ్లాన్ని నొక్కి సూడు పో, ఆడ ఎంతుండాదో. ఇష్టముంటే కొను, లేకుంటే చెయ్యి తీయ్."

వాడు నవ్వి మందంతా చూపిస్తూ అన్నీ నాకే ఇస్తావా అని అడిగాడు. ఆమె తల ఊపింది. అప్పుడు నన్ను చూసింది. తప్పుకుని పోవడానికి దారి లేదు, చుట్టూ గొర్రెలు.

"ఏమప్పా," అంది. "నీ గొర్లు బాగుండాయా?"

"ఉన్నాయక్కా."

"వాటిని అమ్మే పని లేదులే నీకు." తాడు బేరగాడి చేతికి ఇచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఇప్పుడు యాడ మేపుతాండావు?"

"ఇక్కడే. కాలువ గట్టు."

"ఆ గట్టు కింద ఎవురుండారు?"

పొద్దున కొలతలు తీసేటప్పుడు చూశాను. రెండు కొట్టాలు, ఒక ఎద్దుల చావిడి, ఉతికి ఆరేసిన బట్టలు. "ఉన్నారు," అన్నాను.

"గట్టు బలహీనంగా ఉండాదా?"

"లెక్క ఇంకా నడపలేదు."

ఆమె వక్కాకు ఉమ్మేసింది. గొర్రెలను లారీలోకి ఎక్కిస్తున్నారు. ఎక్కనని మొరాయించిన ఒకదాన్ని తోక మెలిపెట్టి తోస్తున్నారు. ఆమె అటు చూస్తూనే చెప్పింది.

"నడిపే ముందు ఆ కొట్టాల కాడికి పో. పోయి ఒకే ఒక మాట చెప్పు. గట్టు నెర్రె ఇచ్చినా, పిల్లలు సచ్చినా, ఎవురికీ అర్జీ మాత్రం రాసియ్యద్దని చెప్పు."